శవం కదిలింది

సినిమావాళ్లు వచ్చి
మా గోడ ముందు ఇంకో గోడ కట్టారు.
అసలు గోడ గోడలా లేదట.
ప్లైవుడ్డుకి ఇటుకల రంగేసి నిలబెట్టారు,
మేకులు కొట్టింది నేనే:
కసిమీరో చోకే, వడ్రంగి,
రెండో పెరడు, పద్నాలుగో గది.

"ఇక్కడ చట్టం లేదు" అన్నాడు వాళ్ల హీరో,
దవడ మీద అప్పుడే గీసిన గాటుతో.
పెరడంతా నవ్వు బిగబట్టుకుంది.
లేకపోవడమా!
గది కొనాలంటే కాగితం, కాగితానికి ఇద్దరు సాక్షులు.
కుళాయి దగ్గర రెండో బకెట్టు పెడితే జరిమానా.
పిల్లలు తిరిగే చోట బూతు మాట్లాడితే
ఆ కొండచలిలో తొట్టినీళ్లు, మూడు మునకలు.
అప్పు ఎగ్గొడితే...
అది సినిమాలో పెట్టలేదు లెండి.
గార్డులు బయటి గేటు దాకానే.
లోపల తాళాలు మావి, తాళంచెవులు మావి,
భయం కూడా ఇక్కడి చేతిపనే.

చచ్చినందుకు అరవై బొలీవియానోలు.
ముఖం కనబడేలా చస్తే ఎనభై.
నాది అరవై చావు.
మెట్ల కింద, పొట్టలో తూటా.
చొక్కా ఉతకబోయి వాసన చూసిన ఎర్మెలిందా
"వీళ్ల నెత్తుటికి చీమలు పడతాయి" అంది.

మర్నాటి సీను: తిరుగుబాటు అణిగింది.
శవాల్ని మోసుకెళ్లి గేటు బయట లారీ ఎక్కించాలి.
గేటు ప్లైవుడ్డుది కాదు.
జైలరుకి ఎంత ముట్టిందో, ఆ మధ్యాహ్నం బార్లా తెరిచారు.
అటూ ఇటూ తుపాకులు,
ఏది ఉత్తుత్తిదో ఏది అసలుదో
వాటికే తెలియాలి.

ఆరేళ్ల నాలుగు నెలల తర్వాత
నేను బయటికొచ్చాను,
కళ్లు మూసుకుని.
శవం కదా.

మోసేవాళ్ల అడుగులు లెక్కపెట్టాను.
మూడో అడుగులో ఊదా మొక్కజొన్న జావ,
దాల్చినచెక్క పొగలు.
ఐదో అడుగులో మినీబస్సు కుర్రాడు
ఊళ్లన్నీ ఒక్క ఊపిరిలో అరుస్తున్నాడు,
వాటిలో మా ఊరూ ఉంది.
ఎనిమిదో అడుగులో
నాలుగు మూలలు లేని ఎండ
రెప్పల మీద ఎర్రగా కూచుంది.
పదకొండు. లారీ చెక్క.
"కట్!"

బాగుందన్నాడు డైరెక్టరు. ఎందుకైనా మంచిది, ఇంకొక్కటి అన్నాడు.
రెండోసారి, ఏడో అడుగు దగ్గర
నా చూపుడువేలు కదిలింది.
"శవం కదిలింది!"
తిట్టుకుంటూ లోపలికి మోశారు, మళ్లీ బయటికి.
మూడోసారి తుమ్మాను.
నాలుగోసారి పక్క స్ట్రెచర్ మీద ముసలి ఫౌస్తీనో దగ్గాడు.
ఇరవయ్యేళ్ల శిక్షలో ఇరవై మూడో ఏడు నడుస్తోంది వాడికి,
ఫైలు ఎక్కడో పోయిందట.
మేం కూడబలుక్కోలేదు, ఒట్టు.
తొమ్మిది శవాల్లో ఏదో ఒకటి
ప్రతిసారీ బతుకుతూనే ఉంది.
వెలుగు పోతోందని డైరెక్టరు జుట్టు పీక్కున్నాడు.

ఏడో టేకులో
కళ్లే తెరిచాను.
పుస్తకాల సంచీతో నా కూతురు యెసేనియా,
బడి నుంచి వచ్చి, లోపలికి రావడానికి
చేతి మీద ముద్ర వేయించుకునే వరసలో నిలబడి ఉంది.
దాన్ని వీధిలో చూడటం అదే మొదలు.
వీధిలో ఎంత చిన్నగా ఉందో.
గొంతు లేకుండా పెదాలతో చెప్పింది:
"కళ్లు మూసుకో నాన్నా, పట్టుకుంటారు."

మూసుకున్నాను.

ఏడాదికి దొంగ డిస్కు వచ్చింది.
పెరట్లో దుప్పటి కట్టి వేసుకున్నాం.
హీరో గోడ పేల్చి పారిపోయాడు, నా మేకులతో సహా.
మేము రెండు సెకన్లు.
మొదటి టేకే వాడుకున్నారు,
వేలైనా కదలని తొమ్మిది బుద్ధిమంతులు.

పేలగా మిగిలిన ప్లైవుడ్డుతో
యెసేనియాకి బల్ల చేశాను.
లెక్కలు చేసి లేచినప్పుడల్లా
దాని మోకాళ్లకి
ఇటుక రంగు.